ముందువైపు కోయాల్సిన ఎముక

మా గల్లీలో నన్ను బొక్కల మేడం, అంటే ఎముకల మేడం, అనేవాళ్ళు. ముఖం మీద కాదు, నేను మలుపు తిరిగాక. కిరాణా కొట్టాయన ఒక్కడే ధైర్యం చేసి అడిగేశాడు ఒకసారి. "మేడం, బొక్కను జూసి సచ్చిపోయినోళ్ల వయసు చెప్తరట గదా. ఏంది, దాని మీద రాసుంటదా?"

"రాసే ఉంటది భాయ్. సదువనీకి రావాలె, గంతే," అన్నాను.

ఆయన కందిపప్పు తూస్తూ తూస్తూ ఆగిపోయాడు. ఆ రోజు నుంచి పొట్లం నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు, నేనే తీసుకోవాలి. పెట్టుకోనీ, నాకేం పోయింది!

తొంభైల మొదట్లో నేనొక మెడికల్ కాలేజీలో, ఫోరెన్సిక్ విభాగంలో టెక్నీషియన్‌గా చేరాను. మా గది మెట్ల కింద ఉండేది. ఒక కిటికీ, ఒక నల్లా, రెండు మైక్రోస్కోపులు. ఎవరివో తెలియని ఎముకలు ఎక్కడైనా దొరికితే పోలీసులు సంచిలో కట్టి, సీలు వేసి పంపేవాళ్ళు. పుర్రె, పళ్ళు, నడుము ఎముకలు ఉంటే డాక్టర్లు పై గదిలోనే చూసి వయసు చెప్పేసేవాళ్ళు. అవేవీ లేక ఉత్త తొడ ఎముక ముక్క మిగిలినప్పుడే అది మెట్ల కిందికి, నా దగ్గరికి వచ్చేది.

పని ఎలా ఉంటుందో చెబుతాను, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కోర్టుకు చూపించాల్సిన ఎముకను ముక్కలు ముక్కలుగా నరకకూడదు. అందుకని తొడ ఎముక మధ్యలో, ముందువైపు నుంచి, బొటనవేలి గోరంత చెక్క కోయాలి. దాన్ని ఉప్పుకాగితం మీద అరగదీయాలి. తర్వాత గాజు పలక మీద గరుకు పొడి, నీళ్ళు వేసి, వేలితో నొక్కి పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు కనిపించేంత పల్చబడాలి. చివర్లో చిట్లిందంటే మొదటికొస్తుంది. ఒక స్లయిడ్‌కు నాకు ఒకటిన్నర రోజు పట్టేది. నా కుడి చూపుడువేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. బ్యాంకులో వేలిముద్ర అడిగితే ఎడమ చెయ్యి ఇస్తాను.

మైక్రోస్కోపులో చూస్తే గుండ్రాలు కనిపిస్తాయి. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా, మధ్యలో చిన్న రంధ్రం. మనిషి బతికినన్నాళ్ళూ ఎముక తనను తాను తవ్వుకుంటుంది, పూడ్చుకుంటుంది. మా గల్లీ రోడ్డును నీళ్ళవాళ్ళు ఒకసారి, కరెంటువాళ్ళు ఒకసారి తవ్వి అతుకులు వేసినట్టే అనుకోండి. ఒక్కో గుండ్రం ఒక్కో అతుకు. వయసు పెరిగేకొద్దీ అతుకు మీద అతుకు పడుతుంది, పాతవి సగం తెగి కొత్తవాటి మధ్య ఇరుక్కుంటాయి. నిండు గుండ్రాలు ఎన్ని, తెగినవి ఎన్ని అని నాలుగు చోట్ల లెక్కపెట్టి సూత్రంలో వేస్తే వయసు వస్తుంది. కచ్చితంగా రాదు. అయిదేళ్ళు అటూ ఇటూ.

లెక్క ఇద్దరు పెట్టాలి. అది మా సారు పెట్టిన నియమం. సారుది గుంటూరు వైపు. సిగరెట్ వాసన, ఇస్త్రీ చొక్కా, ఎవరినీ నమ్మని మనిషి. నేను లెక్కపెట్టి అంకె చీటీ మీద రాసి, మడిచి పెట్టెలో వేయాలి. ఆయన మర్నాడు అదే స్లయిడ్ చూసి ఇంకో చీటీ రాయాలి. రెండూ రాశాకే విప్పాలి. "కన్ను మోసం చేస్తుందమ్మా. నా కంటి మోసాన్ని నీ కన్ను పట్టుకోవాలి," అనేవారు. ఆ చీటీల మీద మాకు గుడిలో ఉన్నంత భక్తి ఉండేది.

నేను చెప్పబోయే ఎముక వచ్చిన ఏడాదే మా ఆయన పోయాడు. పచ్చకామెర్లు. పదిహేను రోజుల్లో అంతా అయిపోయింది. నాకు ముప్ఫై నాలుగు. దినాలు కాగానే డ్యూటీకి వెళ్ళిపోయాను. ఏడవలేదు. "రాయివా, మనిషివా?" అని మా అత్త నలుగురిలో అడిగింది. నేనూ నన్ను అదే అడుక్కునేదాన్ని. కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. బస్సులో నా స్టాపు దాటిపోయేది. ఎక్కడా ఏమీ నొప్పెట్టేది కాదు, అదే పెద్ద వింత. తర్వాత జరిగినదాన్ని ఆ దుఃఖం నెత్తిన రుద్ది తప్పించుకోవచ్చు. రుద్దను. చేతులు నావే, రంపం నాదే.

ఫలక్‌నుమా అవతల మూతపడిన సున్నం బట్టీ ఒకటి ఉండేది. ఆ జాగా ఎవరో కొని పునాదులు తవ్విస్తుంటే సున్నం గుట్ట కింద ఎముకలు బయటపడ్డాయి. కాలి, చాలావరకు పిండైపోయాయి. మిగిలింది రెండు కొసలూ లేని తొడ ఎముక, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. కొన్ని తునకలు. ఒక ఇత్తడి బెల్టు బకిల్. ఇప్పటి పిల్లలు డీఎన్‌ఏ చేయించలేదా అని అడుగుతారు. మాకప్పుడు అది పేపర్లో చదివే మాట.

ఆ బకిల్‌ను గుర్తుపట్టిన మనిషి కూడా ఉంది. జహనుమాలో ఉండే ఒకామె. యాభై దాటిన మనిషి, బస్ డిపోలో ఊడ్చే పని. భర్త అదే డిపోలో మెకానిక్. వాళ్ళకు ఒక్కడే కొడుకు, ఒక వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు. ఏడాదిన్నర కింద పొద్దున షాపుకని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పోలీసులు బకిల్ చూపిస్తే ఆమె చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, విరిగిన ముల్లును వెనక అతికించిన మచ్చ చూపించి, "గిది నా కొడుకు అతికిచ్చుకున్నదే," అందట. అని అక్కడే కూలబడిందట. వయసు కూడా కలిస్తే కేసు తేలిపోతుందని ఎముకను మాకు పంపారు.

మామూలుగా చుట్టాలెవరూ మా గది దాకా రారు. ఆమె వచ్చింది. కానిస్టేబుల్ వెంట వచ్చి, అతను వెళ్ళిపోయినా కారిడార్‌లో గోడకానుకుని కూర్చుంది. నేను నీళ్ళకు బయటికి వస్తే లేచి నిలబడింది.

"బిడ్డా, గా బొక్కను ఎవలు జూస్తరు?"

"నేనే జూస్త పెద్దమ్మా."

"నా కొడుకు ఇరవై మూడేండ్లోడు. గా బొక్క వానిది కాదని చెప్పు బిడ్డా. నీ కాల్మొక్త."

"నా చేతుల ఏం లేదు పెద్దమ్మా. అండ్ల ఎట్లుంటే గట్లనే చెప్త," అన్నాను. ఎంత గొప్పగా అన్నానో! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ముందువైపు ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. తొడ ఎముకకు వెనక వైపు నిలువునా గరుకు గీత ఉంటుంది, పెద్ద కండలన్నీ పట్టుకునే చోటు. బొటనవేలు పెట్టి నిమిరితే చాలు. ఆ గీతకు ఎదురుగా ఉన్నది ముందువైపు. కానీ ఆ ఎముక చుట్టూ సున్నం గట్టిగా పేరుకుని ఉంది. ఎటు నిమిరినా గరుకే. పాత టూత్‌బ్రష్‌తో, నీళ్ళతో మెల్లగా రుద్ది సున్నం దింపాలి. పూట పని. రుద్దితే విరుగుతుందేమో అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు చెబుతున్నాను కానీ, ఆ రోజు నిజంగా ఏమనుకున్నానో నాకు గుర్తు లేదు. ఎముకను తిప్పాను, ఒకవైపు ముందులా అనిపించింది, ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను, కోశాను.

స్లయిడ్ బాగా వచ్చింది. ఆ ఏడాది అంత శుభ్రంగా వచ్చిన స్లయిడ్ ఇంకొకటి లేదు. గుండ్రాలు కిక్కిరిసి ఉన్నాయి. తెగినవి లెక్కలేనన్ని. రెండుసార్లు లెక్కపెట్టి చీటీ వేశాను. మర్నాడు సారు వేశారు. విప్పితే నాది నలభై ఎనిమిది, ఆయనది యాభై. సారు ముఖం విప్పారింది. "చూశావా అమ్మా! ఇద్దరి కళ్ళూ ఒకటే చెప్పాయి," అన్నారు. నలభై అయిదు, యాభై అయిదు మధ్య వయసు మగమనిషి అని రిపోర్టు పోయింది.

మూడోరోజు ఆమె వచ్చింది, స్టీలు టిఫిన్ డబ్బాలో పరమాన్నం పట్టుకుని. గదిలోకి రావద్దన్నా వచ్చేసి నా రెండు చేతులూ పట్టుకుంది. సున్నం, ఎముక పొడి అంటిన చేతులు. గల్లీలో ఎవరూ ముట్టుకోని చేతులు.

"నా కొడుకును బతికిచ్చినవ్ బిడ్డా. నువ్వు సల్లగుండాలె."

"నేనేం జెయ్యలె పెద్దమ్మా. లెక్క గట్లొచ్చింది."

"మరి బకిల్?" అని సారు అడిగారు, తలుపు దగ్గర నిలబడి.

"ఎవనికన్న ఇచ్చిండొచ్చు సారూ. వానికి చెయ్యి ఆగది, అడిగినోనికల్లా ఇచ్చేటోడు. లేకుంటే అమ్ముకున్నడేమో," అంది. ముందురోజుల్లో తన కళ్ళతో గుర్తుపట్టినదాన్ని మా కాగితం చూసి కొట్టిపారేసింది. సంతోషంగా కొట్టిపారేసింది. మిగతా తునకల్ని దిక్కులేని శవంగా లెక్కకట్టి పోలీసులు ఎక్కడో పూడ్చేశారు. తొడ ఎముక ముక్క మాత్రం నంబరు వేసిన అట్టపెట్టెలో మా బీరువాలో ఉండిపోయింది.

ఆమెదీ నాదీ ఒకటే దారి. వారంలో రెండు మూడుసార్లు బస్సులో కనిపించేది. అంత దూరం నుంచే, "గీమెనే! గీమెనే చెప్పింది, నా కొడుకు బతికున్నడని," అని పక్కవాళ్ళకు చూపించేది. నేనలా చెప్పలేదు. ఆ ఎముక వేరే మనిషిది అన్నాం, అంతే. ఒకసారి ఆ మాటే చెప్పబోయాను. "ఏందో బిడ్డా, సదువుకున్నోళ్లు సుట్టు తిప్పి చెప్తరు. రెండూ ఒకటే," అని నవ్వింది. పోనీలే అని ఊరుకున్నాను. ప్రతి ఏడూ బోనాల ఆదివారం నన్ను ఇంటికి పిలిచేది. మొదటి ఏడు మొహమాటానికి వెళ్ళాను, తర్వాత అలవాటైంది. రెండు గదుల ఇల్లు. కోడికూర, జొన్నరొట్టె. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరేది. మా ఆయన పోయాక నాకు ఒకరు వడ్డిస్తే కూర్చుని తినడం ఆ ఇంట్లోనే. కూరలో ఉప్పు తెలియడం మొదలైంది కూడా అక్కడే అనుకుంటాను. ఇల్లుగలాయన కిరాయి పెంచినా, పైకప్పు కారినా ఆ ఇల్లు మారేది కాదు. కొడుకు వస్తే ఆ తలుపే కొడతాడని. కొన్నేళ్ళకు భర్త పోయాడు. నాకు ఆ సంగతి పదిరోజుల తర్వాత తెలిసి వెళ్ళి కూర్చుని వచ్చాను.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. సారు రిటైరయ్యారు. కొత్త పెద్ద డాక్టర్ వచ్చారు. పీజీ చదివే ఒక డాక్టరమ్మ తన థీసిస్ కోసం ఒకే తొడ ఎముకలో ముందువైపు గుండ్రాలకూ వెనకవైపు గుండ్రాలకూ తేడా ఎంతో చూడాలని పాత ముక్కలన్నీ అడిగింది. "మేడం, వెనక గీత దగ్గర కండలు లాగుతూ ఉంటాయి కదా, అక్కడ మరమ్మతు ఎక్కువ జరుగుతుంది. బరువు పని చేసేవాళ్ళకైతే ఇరవై ఏళ్ళకే ముసలి ఎముకలా కనిపిస్తుంది," అని నాకు చెప్పింది, నాకు తెలియనట్టు. నాకు తెలుసు. అందుకే కదా ముందువైపు కోసేది.

బీరువాలోంచి ఒక్కో పెట్టె తీసి, ఎముకలు కడిగి ఆమెకు అందిస్తున్నాను. సున్నం బట్టీ ముక్క వంతు వచ్చింది. ఎనిమిదేళ్ళు పెట్టెలో ఉండి సున్నం పెళుసుబారింది. నల్లా కింద పట్టి బ్రష్‌తో నాలుగుసార్లు రుద్దితే పెంకులా ఊడిపోయింది. అలవాటుగా బొటనవేలు పెట్టి నిమిరాను. గరుకు గీత పైనుంచి కిందికి వచ్చి, నేను కోసిన గంటు దగ్గర ఆగింది. గంటు కింద మళ్ళీ మొదలైంది. నేను వెనకవైపు గీత మీదే కోశాను.

నల్లా కట్టేయడం మర్చిపోయాను. డాక్టరమ్మ వచ్చి కట్టేసింది. "ఏమైంది మేడం?" అంది. ఏం లేదన్నాను. నిజంగానే ఏమీ అనిపించలేదు. సరైన ముందువైపు ఎర్ర గీత గీశాను, కోశాను, అరగదీశాను. ఒకటిన్నర రోజు. గుండ్రాలు పలచగా, దూరం దూరంగా, మధ్యలో ఇంకా తవ్వని పొరలు వెడల్పుగా ఉన్నాయి. చీటీ మీద ఇరవై నాలుగు రాశాను. డాక్టరమ్మకు ఏ కేసో చెప్పకుండా లెక్కపెట్టమన్నాను. ఆమె ఇరవై రెండు రాసింది.

సారుకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"మనిద్దరి చీటీలూ కలిశాయి కదమ్మా," అన్నారు.

"మనం ఇద్దరం జూసింది ఒకటే స్లయిడ్ గద సార్. కోసింది నేనొక్కదాన్నే. కోసినదానికి రెండో మనిషి లేడు."

"సరే, జరిగిందేదో జరిగింది. నువ్విప్పుడు వెళ్ళి ఆవిడకు చెప్పబోకు. ఏదో ఆశ మీద బతుకుతోంది. ఆ ఆశ తీసేసి నువ్వేం బావుకుంటావు?"

నాకు ఒళ్ళు మండింది. "ఆశ గాదు సార్ గది. నా తప్పు. నా తప్పును ఎనిమిదేండ్ల సంది దేవునింట్ల పెట్టి దీపం ముట్టిస్తుంది ఆమె," అని ఫోన్ పెట్టేశాను. అంత గట్టిగా అన్నానా, తర్వాత రెండు వారాలు ఆమె ఎక్కే బస్సు ఎక్కలేదు. దూరంగా ఆమె చీర కొంగు కనిపిస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. ధైర్యం మాటల్లోనే.

నేను రెండు స్లయిడ్లూ చూపించాక పెద్ద డాక్టర్ పోలీసులకు సవరణ రిపోర్టు పంపారు. ముక్కను డీఎన్‌ఏ పరీక్షకూ పంపారు. కాలిన ఎముకలో ఏమీ మిగల్లేదని తిరిగొచ్చింది. స్టేషన్‌లో పాతవాళ్ళెవరూ లేరు, ఫైలు ఏ అటక మీదుందో తెలీదు. కాగితం పోయింది కాబట్టి పని అయిపోయినట్టే అందరికీ. ఆమెకు చెప్పే మనిషి మాత్రం ఎవరూ లేరు. నేను తప్ప.

ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. అప్పుడే నల్లా వచ్చింది. రెండు రోజులకొకసారి వచ్చే నీళ్ళు, గంట కూడా ఉండవు. ఆమె నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుని, "రా బిడ్డా, జెర ఆగు, నీళ్లు వట్టుకుంట," అంది. నేను కూడా బిందెలు అందుకున్నాను. డ్రమ్ము నిండేదాకా ఇద్దరం నీళ్ళు మోశాం. నల్లా సన్నబడి ఆగిపోయాక, గడప దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. తిప్పి తిప్పి చెప్పలేదు. "పెద్దమ్మా, గప్పుడు నేను బొక్కను తప్పు దిక్కున కోసిన. గందుకే వయసు తప్పొచ్చింది. ఇప్పుడు మల్ల కోసి జూసిన. గది ఇరవై నుంచి ఇరవై ఎనిమిదేండ్ల లోపు పిల్లగానిది."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచింది.

"బకిల్ వానిదే," అంది.

"అవు పెద్దమ్మా. గట్లనే ఉంది."

"నాకు ఎర్కనే ఉండె. చేతిల వట్టుకోంగనే ఎర్కయింది." నా వైపు తిరిగింది. "మల్ల నువ్వు కాదన్నవ్."

ఆమే మళ్ళీ అందుకుంది.

"మా ఆయన ఎండకాలం పోయిండు. కొడుకొస్తడు, కొరివి వాడే వెట్టాలె అని రెండు దినాలు ఐసు గడ్డల మీద పండుకోవెట్టిన. వాని ఫొటో పేపర్ల ఏపిచ్చిన. అందరు లొల్లి వెట్టిండ్రు, వాసనొస్తుంది తియ్యుండ్రి అని. నేనే తియ్యనియ్యలె. నా కొడుకు ఉన్నడు, కాలేజీ వాళ్లు కాయితం ఇచ్చిండ్రు అన్న. ఆఖరికి మా మరిది కొడుకు వెట్టిండు కొరివి. నా కొడుకు జాగల నువ్వెట్ల నిలవడ్తవ్ రా అని గా పిలగాన్ని బూతులు తిట్టిన. గప్పటి సంది వాడు నాతోని మాట్లాడడు."

గొంతు పెంచలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. భర్త పోయినప్పుడు వెళ్ళి కూర్చుని వచ్చిన నాకు ఈ ఐసు సంగతి ఎవరూ చెప్పలేదు. నా నోట్లోంచి క్షమించు పెద్దమ్మా అన్న మాట వచ్చింది. ఆమె వినలేదో, విననట్టు ఊరుకుందో. "మిగిలిందా ఏమన్న?" అని అడిగింది.

"ఒక్క ముక్క. గింతది."

"తెచ్చియ్యి."

తెచ్చివ్వడం అంత సులభమా! కోర్టు వస్తువు అది. నయాపూల్ దగ్గర కోర్టు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం. బకిల్ వాంగ్మూలం, కొత్త రిపోర్టు, స్టేషన్ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం. ప్రతి వాయిదాకూ ఆమె వచ్చేది. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి. ఆర్డరు వచ్చిన రోజు ముక్కను తెల్లగుడ్డలో పెట్టి నేనే ఆమె చేతికిచ్చాను. విప్పి చూసింది. వేలితో గంట్లు తడిమింది.

"గీ గాట్లేంది?"

"నేను కోసినయ్ పెద్దమ్మా. ఒకటి గప్పటిది. ఒకటి మొన్నటిది."

గుడ్డ మళ్ళీ కట్టేసింది.

పురానాపూల్ స్మశానానికి నన్ను రమ్మంది. ఎందుకు రమ్మందో అప్పుడు తెలియలేదు. నలుగురమే ఉన్నాం. ఆమె, కర్మ చేయించే అయ్యగారు, కట్టెల మనిషి, నేను. ఒళ్ళు దొరకనివాళ్ళకు చేసినట్టు అయ్యగారు దర్భలతో మనిషి ఆకారం కట్టి, పైన పిండి మెత్తాడు. తల, చేతులు, కాళ్ళు. తర్వాత ఎముక ముక్క తీసుకుని, "కుడికాలా, ఎడమకాలా?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. ఇందుకే రమ్మందని అప్పుడర్థమైంది.

కొసలు లేని అంత చిన్న ముక్కను చూసి ఏ కాలో చెప్పడం నావల్ల కాదు. "తెల్వదు పెద్దమ్మా. గింత ముక్కతోని చెప్పరాదు," అన్నాను. పన్నెండేళ్ళు దాటిన సర్వీసులో తెలియదని చెప్పడం అదే మొదటిసారి. ఎనిమిదేళ్ళ కింద చెప్పాల్సిన మాట. ఆమె తల ఊపి, ముక్కను అయ్యగారి చేతిలోంచి తీసుకుని, తానే ఎడమకాలి పిండిలో అదిమింది.

అయ్యగారు సంకల్పం చెబుతూ, "అబ్బాయి వయసు?" అన్నాడు. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. ఇరవై నుంచి ఇరవై ఎనిమిది లోపు అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇరవై మూడేండ్ల నాలుగు నెల్లు," అంది ఆమె. "మంగళారం పుట్టిండు."

కొరివి ఆమే పెట్టింది. ఆడవాళ్ళు పెట్టకూడదని అయ్యగారు గొణిగాడు కానీ ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. దర్భలు ఎంతసేపు కాలతాయి! గంటలో అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆమెకూ రాలేదు. మూసీ ఒడ్డున బూడిద వదిలి, కాళ్ళు కడుక్కుని, ఇద్దరం గేటు దాకా నడిచి వచ్చాం. అక్కడ ఆమె ఆగింది.

"బిడ్డా, ఇగ మా ఇంటికి రాకు."

కోపంగా అనలేదు. నా చెయ్యి కూడా పట్టుకుంది.

"నిన్ను జూస్తే నాకు ఇంకా అన్నం వెట్టాలనే అనిపిస్తది. గట్ల అనిపియ్యొద్దు నాకు. రాకు."

"సరే పెద్దమ్మా," అన్నాను. మళ్ళీ వెళ్ళలేదు.